మూడో రోజు ఉప్పు చూసే మనిషి

మా మేనత్త పోయింది. కబురు మామిడికాయల లారీ మీద వచ్చింది. నూజివీడు నుంచి బెజవాడ మార్కెట్టుకు రసాల లోడు తెచ్చిన డ్రైవరు, గంపలు దింపించి, తిన్నగా మా పత్రికాఫీసుకు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నిన్న మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నారండి. సాయంత్రం మజ్జిగకి లేపితే లేవలేదండి," అన్నాడు.

ఇంకేమైనా చెప్పమన్నారా అని అడిగాను.

"వీధిలో ఆవకాయలు కలపడం అయిపోయిందని చెప్పమన్నారండి."

ఆ రెండో మాట మా బావ ఎందుకు చెప్పి పంపాడో తెలియాలంటే నూజివీడులో వాళ్లుండే ఆ వీధి సంగతి కొంచెం తెలియాలి. బావ అంటే మేనత్త కొడుకు. మామయ్య పోయాక కిరాణా కొట్టు అతనే చూసుకుంటున్నాడు. కొట్టు వెనకాలే ఇల్లు. ఆ వరసలో ఉన్నవన్నీ వ్యాపారస్థుల ఇళ్లే. వేసవిలో ప్రతి ఇంట్లోనూ ఏడాదికి సరిపడా ఆవకాయ పడుతుంది. కాయలు కొట్టడానికీ, ఆవాలు దంచడానికీ మనుషులు దొరుకుతారు. ఉప్పు చూడడానికి మాత్రం ఆ వీధికి ఒక్కతే మనిషి, మా మేనత్త.

ఆవకాయ కలిపిన నాడు ఉప్పు సరిపోయిందో లేదో ఎవరూ చెప్పలేరు. ముక్క నీరు వదలాలి, ఆవపిండి నానాలి. మూడో రోజు జాడీకి కట్టిన వాసెన విప్పి తిరగకలిపేటప్పుడే అసలు సంగతి తేలుతుంది. అప్పుడు ఉప్పు తక్కువైతే వర్షాలు పడేసరికి బూజు పడుతుంది, ఏడాది ఆవకాయ పెంటకుప్ప మీదికి పోతుంది. ఎక్కువైతే ఏడాదంతా ఇంటాయన మొహం చూడలేం. అందుకని మూడో రోజు పొద్దున్నే ఇంటింటికీ మా మేనత్తను పిలిచేవాళ్లు. ఆవిడ వెళ్లి, జాడీ ముందు పీట వేసుకుని కూర్చుని, గుజ్జు కొంచెం నాలుక చివర పెట్టుకుని, కళ్లు మూసుకునేది. కళ్లు తెరిచాక "సరిపోయింది" అనో, "సోలెడు పోయండి" అనో చెప్పి లేచేది. ఆ మాట మీద మళ్లీ మాట ఉండేది కాదు.

కోడలు ఆ ఇంటికి విస్సన్నపేట నుంచి వచ్చిన మనిషి. వంట బాగా చేస్తుంది. అయినా ఆ పీట మీద కూర్చోవడానికి మేనత్త ఆమెను ఎన్నడూ పిలవలేదు. "దాని చేతికి ఉప్పు తెలీదురా. విస్సన్నపేటలో చప్పగా తింటారు," అనేది నాతో, కోడలికి వినపడేట్టుగా. కోడలు వంటింట్లోంచి, "అవునన్నయ్యగారూ, మా ఊళ్లో అందరం గడ్డి తింటాం," అనేది. ఇద్దరి మధ్యా అంతకుమించిన పోట్లాట నేను చూడలేదు.

రెండేళ్ల కిందటి వేసవిలో నేను వెళ్లేసరికి మేనత్త తలకు గుడ్డ బిగించి కట్టుకుని అరుగు మీద పడుకుని ఉంది. తలనొప్పి వచ్చి చాలా రోజులైందట. ఎదురింటి గోడ మీది అక్షరాలు రెండేసిగా కనపడుతున్నాయంది. కాళ్లు వాచాయి. అది ఎండ వల్ల వచ్చిన వేడి అని వీధంతా తేల్చేశారు. నేను వెంటనే డాక్టరును పిలుచుకొచ్చాను.

ఆ డాక్టరు వయసులో నాకంటే చిన్న. గుడివాడ వైపు పల్లె మనిషి. ఆయన మేనత్త చీలమండ మీద బొటనవేలితో నొక్కి తీశాడు. పడిన గుంట అలాగే ఉండిపోయింది. మూత్రం గాజుగొట్టంలో పోసి స్పిరిటు దీపం మీద కాచాడు. అది విరిగిన పాలలాగా తెల్లబడింది. తరవాత చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాడు. పాదరసం లేస్తుంటే మేనత్త దాన్ని తక్కెడ ముల్లును చూసినట్టు చూసింది.

"ఎంత తూగాను నాయనా?" అంది.

"ఎక్కువే తూగారు మామ్మగారూ," అని డాక్టరు పట్టీ విప్పాడు. నన్ను పక్కకు పిలవలేదు. ఆవిడ ముందే చెప్పాడు. "మూత్రపిండం అంటే వట్టి జల్లెడ అనుకుంటాం. కాదు. అది శివారు రైతులాంటిది. మా నాన్నగారి పొలం కాలవ చివర ఉంటుంది. నీళ్లు తగ్గితే ఆయన ఊరుకోడు, లాకుల దగ్గరికి కబురు పంపిస్తాడు. వాళ్లు కాలవ మట్టం పెంచుతారు. ఆయన చేలోకి నీళ్లొస్తాయి. కాని ఆ మట్టానికి కాలవ పొడుగునా గట్ల మీద ఒత్తిడి పడుతుంది. మీ మూత్రపిండాలకి రక్తం సరిగ్గా అందుతున్నట్టు లేదు. అవి రక్తంలోకి ఒక పదార్థాన్ని వదులుతాయి. దాంతో నాళాలు బిగుసుకుని పోటు పెరుగుతుంది. గట్టు ఎక్కడ తెగుతుందో ముందుగా చెప్పలేం. తలలో తెగితే పక్షవాతం."

"ఆ కబురు ఆపే మందు లేదా?" అని నేను అడిగాను.

"నా దగ్గర లేదండి. ఆ పదార్థాన్ని ఏ పేరుతో పిలవాలో దాని మీదే పెద్దవాళ్లు ఇంకా వాదించుకుంటున్నారు. మూత్రపిండం నెత్తిన టోపీలాగా ఒక గ్రంథి ఉంటుంది. ఉప్పు వదలొద్దని మూత్రపిండానికి చెప్పేది ఆ గ్రంథే. దాని రసంలో ఏది ఆ మాట మోస్తుందో పూర్తిగా తేలలేదు. ఇలా కబురు మోసే రసాల్ని హార్మోన్లంటారు. కబుర్లు ఆపడం నా చేతుల్లో లేదు. ఉప్పు ఆపడం మీ చేతుల్లో ఉంది. ఒంట్లో ఉప్పు నిలిస్తే నీరు నిలుస్తుంది. ఉప్పు తగ్గితే కాలవ తగ్గుతుంది."

తెలిసింది ఎంతో, తెలియనిది ఎంతో విడదీసి చెప్పే మనుషులు నా వృత్తిలో తరచుగా తగలరు. ఆ డాక్టరు మీద నాకు అక్కడే గురి కుదిరింది.

"ఎంత తగ్గించమంటావు?" అంది మేనత్త.

"పూర్తిగా మానేయాలి. అన్నం, పళ్లు, బెల్లం, చప్పిడి కూరలు. ఆవకాయ వద్దు. రుచి చూడడం కూడా వద్దు. ఇలాగే ఉంటే మళ్లీ మామిడికాయల దాకా నేను హామీ ఇవ్వలేను."

అది ఉప్పు మీద పన్ను తీసేసిన ఏడు. మేనత్త, "ఉప్పు పన్ను తీసేశారని ఊరంతా సంతోషిస్తుంటే నువ్వు నాకు ఉప్పే తీసేశావా నాయనా," అంది. మళ్లీ తనే, "అయితే నా లోపల ఇద్దరు రైతులు కూర్చుని అర్జీలు పెట్టుకుంటున్నారన్నమాట," అని నవ్వింది. అప్పటినుంచి డాక్టరు ఎప్పుడొచ్చినా ఆవిడ అడిగే మొదటి మాట, "మా శివారు రైతులెలా ఉన్నారు?"

ఆ ఏడు అప్పటికే ఆవకాయలు తిరగకలపడం అయిపోయింది కాబట్టి పీట సంగతి ఎవరూ ఎత్తలేదు. మేనత్త ఉప్పు మానేసింది. దేవుడి గదిలోకి వెళ్లి దణ్ణం పెట్టుకుని మరీ మానేసింది. డాక్టరు వారం వారం వచ్చి పట్టీ చుట్టేవాడు. పాదరసం ఎక్కడిదాకా లేచేదో అక్కడిదాకానే లేచేది. వాపు తగ్గలేదు.

"ఉప్పు మానేశారా మామ్మగారూ?"

"మానేశాను."

"చాటుగా ఎవరైనా పెడుతున్నారేమో."

ఆ మాట అంటూ ఆయన వంటింటి వైపు చూశాడట. వీధిలో ఆ చూపు మాటైంది. అత్త నోరు కట్టుకోలేక అడుగుతోందని, కోడలు మెత్తబడి వేస్తోందని కొందరన్నారు. అత్త పోతే పీట తనదవుతుందని కోడలే వేస్తోందని ఒకావిడ అంది. కోడలు నూతి దగ్గర ఆ మాట వింది. నేను మళ్లీ వెళ్లినప్పుడు ఆమె నాతో, "అన్నయ్యగారూ, మీరు ఊళ్లవాళ్ల సంగతులన్నీ ఆరా తీస్తారుగా. ఇది కూడా తియ్యండి," అంది. కళ్లు తుడుచుకోలేదు. గిన్నెలు తోముతూనే ఉంది.

మేనత్తకు ఈ మాట తెలిసి డాక్టరుతో నిక్కచ్చిగా చెప్పింది. "దాని చేతికి ఉప్పు తక్కువేగాని ఎక్కువ కాదు నాయనా. అనుమానముంటే నన్ను అనుమానించు." మెప్పో దెప్పో తెలియని ఆ మాటకు కోడలు వంటింట్లో మొదటిసారి నవ్వింది.

కార్తీక మాసం వెళ్లాక ఒకసారి డాక్టరు పట్టీ చుట్టి, గాలి వదిలి, నమ్మకం లేక మళ్లీ కొట్టాడు. పోటు బాగా దిగింది. తరవాతి వారం ఇంకా దిగింది. చీలమండ మీద నొక్కితే గుంట నిలవలేదు. తలకు కట్టిన గుడ్డ పోయింది. ఆయన సంతోషించాడుగాని, ఎందుకు తగ్గిందో అంతుపట్టక నాతో చెప్పాడు. "పాదరసం అబద్ధం చెప్పదండి. ఎందుకెక్కిందో, ఎందుకు దిగిందో కూడా చెప్పదు. మీరేమైనా చూడండి."

నేను వంటింటి గుమ్మంలో కూర్చుని కోడల్ని అడిగాను. పోటు దిగకముందు ఏం వండేవారు, ఇప్పుడేం వండుతున్నారు. ఆమె ఒక్కొక్కటే చెప్పింది. బియ్యం అవే, కూరలవే, నూనె అదే.

"ఏదైనా మారిందా?"

"ఏమీ మారలేదన్నయ్యగారూ."

"కొట్లోంచి తెచ్చేది ఏదైనా?"

"లేదండీ. సైంధవ లవణం అయిపోయింది, అంతే."

"ఎవరికి సైంధవ లవణం?"

"అత్తయ్యగారికి. డాక్టరుగారు ఉప్పు మాన్పించిన దగ్గర్నుంచి ఆవిడ కూరల్లో అదే దంచి వేస్తున్నాంగా. ఏకాదశి ఉపవాసానికి కూడా పనికొస్తుంది. అది ఉప్పు లెక్కలోకి రాదు."

ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. అందుకే ఎవరూ దాచలేదు, ఎవరూ చెప్పలేదు. ఉపవాసం నాడు ఉప్పు నిషిద్ధం, సైంధవం కాదు. కాబట్టి సైంధవం ఉప్పు కాదు. మేనత్త దేవుడి ముందు మానింది ఉప్పునే, మాట తప్పలేదు.

బావను కొట్లో అడిగితే మిగతాది చెప్పాడు. "అది పంజాబు గనుల్లోంచి రావాలి. ఆ గనులు అటువైపు వెళ్లిపోయాయి. బెజవాడ షావుకారు దగ్గర కూడా సరుకు లేదు. మన కొట్లో ఉన్నది కార్తీక ఉపవాసాలకి అమ్ముడైపోయింది."

డాక్టరు విని, తల పట్టుకుని నవ్వాడు. "అదీ ఉప్పేనమ్మా. సముద్రంలో కాకుండా కొండలో పుట్టింది. నేను చేయలేని వైద్యం పంజాబు చేసింది," అన్నాడు. అని, తనే నవ్వు ఆపేశాడు. ఆ ఆగస్టు నుంచి పంజాబు తంతి వార్తలు రోజూ నా బల్ల మీదికి వచ్చేవి. అవి ఎలాంటివో ఆయనా పేపర్లో చదివాడు. ఆ సంగతి మేం మళ్లీ ఎత్తలేదు. ఒక దేశం రెండైతే ఒక కిరాణా కొట్లో ఒక డబ్బా ఖాళీ అవుతుందనీ, దానివల్ల మా మేనత్త కాళ్ల వాపు తీస్తుందనీ మాత్రం అప్పటివరకు నాకు తట్టలేదు. ఇలాంటివి మా పేపర్లో పడవు.

మేనత్తకు కోపం వచ్చింది. "ఏకాదశి నాడు దేవుడు ఒప్పుకున్నదాన్ని నీ గొట్టం ఒప్పుకోదా?" అని డాక్టరును అడిగింది. ఆయన ఓపిగ్గా, "దేవుడు మీ మనసు చూస్తాడు మామ్మగారూ. గొట్టానికి అంత చూపు లేదు," అన్నాడు. మర్నాడు డబ్బా అడుగున మిగిలిన గులాబీరంగు పొడి తనే దులిపి పెరట్లో పారబోసింది. వీధిలో కోడల్ని అన్న ఆవిడ ఇంటికి వెళ్లి, కూర్చోకుండానే, "తప్పు నా సైంధవానిది. మా పిల్లది కాదు," అని చెప్పి వచ్చింది. మా పిల్ల అని ఆవిడ అనగా వినడం అదే మొదలని కోడలు నాకు చెప్పింది.

నిజమైన చప్పిడి తిండి ఆవిడకు అప్పుడు మొదలైంది. మొదట్లో అన్నం కలుపుకుని పళ్లెం వైపు పరాయివాళ్ల ఇంట్లో కూర్చున్నట్టు చూసేది. కొన్నాళ్లకు నాతో అంది. "ఉప్పు ముందు నిలబడితే వెనకున్నవాళ్లు కనపడరురా. అది తప్పుకున్నాక బియ్యం కనపడింది, వంకాయ కనపడింది. ఇన్నేళ్లూ వీళ్లతో పరిచయమే లేదు." బావ బియ్యం బస్తా మార్చిన రోజు ముద్ద నోట్లో పెట్టుకోగానే చెప్పేసేది. మామిడిపండు తిని, ఇది చెట్టున పండిందో గడ్డిలో పండిందో చెప్పేది. ఆవిడ బాధపడుతోందనుకుని ఓదార్చడానికి వచ్చినవాళ్లు పండు తిని వెళ్లేవాళ్లు.

మళ్లీ మామిడికాయలొచ్చాయి. డాక్టరు హామీ ఇవ్వలేనన్న కాయలు. ఆవిడ వాటిని చూసింది. మూడో రోజు పొద్దున్న పక్కింటివాళ్లు అలవాటు ప్రకారం పిలవడానికి వచ్చారు. నేను ఆ రోజు అక్కడ ఉన్నాను. మేనత్త లేచి వెళ్లింది. పీట మీద కూర్చుంది. వాసెన విప్పారు. ఆవిడ గుజ్జు వేలితో తీసుకుంది. వేలు నోటిదాకా వచ్చింది. అక్కడ ఆగింది. ఆవిడ వేలు జాడీ పక్కనున్న పళ్లెం అంచుకు తుడిచి, పీట మీంచి లేచి, గుమ్మంలో నిలబడ్డ కోడల్ని చూసింది.

"రా. కూర్చో."

"నాకు తెలీదుగా అత్తయ్యగారూ. విస్సన్నపేటదాన్ని."

"కూర్చోమన్నానా."

కోడలు కూర్చుంది. మేనత్త ఎదురుగా నేల మీద చతికిలబడింది. "ముందు నాలుగు చప్పిడి మెతుకులు నములు. నాలుక శుభ్రపడుతుంది. ఊఁ. ఇప్పుడు చూడు. కళ్లు మూసుకో. మొదట పులుపు వస్తుంది, దాన్ని పట్టించుకోకు. పోనీ. కారం వస్తుంది, దాన్నీ పోనీ. అవి వెళ్లిపోయాక ఏం మిగిలింది?"

కోడలు చాలాసేపు కళ్లు తెరవలేదు. "తక్కువండీ," అంది చివరికి. "సోలెడు కాదు. సోలకి కాస్త తక్కువ పట్టచ్చు."

పక్కింటావిడ మేనత్త వైపు చూసింది. వాళ్ల ఏడాది ఆవకాయ ఆ మాట మీద ఉంది. మేనత్త జాడీ వైపు చూడలేదు, రుచి చూడలేదు. "అదెంతంటే అంత పొయ్యండి," అంది.

ఆ ఏడు వర్షాలు గట్టిగా పడ్డాయి. శ్రావణంలో ఆ వీధిలో ఏ జాడీలోనూ బూజు పట్టలేదు. నేను పనిగట్టుకుని ఇంటింటా అడిగాను కాబట్టి రాస్తున్నాను. మేనత్త మాత్రం, "విస్సన్నపేటలో కూడా నాలుకలుంటాయన్నమాట," అని ఊరుకుంది. కోడలికి అది చాలింది.

ఈ వేసవి దాకా ఆవిడ బాగానే ఉంది. పోటు మళ్లీ కొంచెం పెరుగుతోందని, శివారు రైతులు ముసలివాళ్లవుతున్నారని డాక్టరు చెబుతూ వచ్చాడు. ఆవిడకూ తెలుసు. సూదిలో దారం తనే ఎక్కించుకునేది. అరుగు మీద కూర్చుని పళ్లు తినేది. పోయిన తరవాత డాక్టరు నాతో, గుండె ఆగి ఉంటుందన్నాడు. చప్పిడి తిండి ఎన్నాళ్ల ఆయుష్షు కలిపిందని అడిగితే, "అది నేను చెప్పలేనండి. కలిపిందని మాత్రం చెప్పగలను," అన్నాడు.

లారీ డ్రైవరు కబురు తెచ్చిన పూటే బాపులపాడు మీదుగా బస్సు పట్టుకుని వెళ్లాను. దహనం అయిపోయింది. మర్నాడు పొద్దున్నకు వీధిలో ఆవకాయలకు మూడో రోజు. ఇంట్లో మైల. కోడలు ఎవరి గడపా తొక్కకూడదు, ఎవరి జాడీ ముట్టుకోకూడదు. వీధిలోవాళ్లు ఏం చేస్తారో చూద్దామని నేను అరుగు మీద కూర్చున్నాను.

ముందుగా పక్కింటావిడ వచ్చింది. చేతిలో చిన్న గిన్నె. ఆవిడ వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. అందరి చేతుల్లోనూ గిన్నెలే. వాళ్లు అరుగు కింద వరసగా నిలబడ్డారు. ఒక ముసలావిడ గొణిగింది. "మైల కదే."

"జాడీకి మైలగాని నాలుకకి మైలేంటమ్మా," అంది పక్కింటావిడ. ఈవిడే ఒకప్పుడు పీట కోసం కోడలే ఉప్పు వేస్తోందని అన్న మనిషి.

కోడలు గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. తలారా స్నానం చేసిన జుట్టు ఇంకా తడిగా ఉంది. పక్కన చిన్న ఇత్తడి గిన్నెలో చప్పిడి అన్నం. మేనత్త తినే గిన్నె అదే. ఆమె నాలుగు మెతుకులు నమిలి, దోసిలి చాచింది. పక్కింటావిడ తగలకుండా పైనుంచి చెంచాతో గుజ్జు వదిలింది. కోడలు అది నాలుక చివర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

వీధిలో బండి ఒకటి మామిడికాయల గంపలతో పోతూ, ఈ వరస చూసి ఆగింది. అరుగు మీద మేనత్త కూర్చునే చోట మొన్నటి పండు టెంక ఒకటి ఎండుతోంది, ఎవరూ తీయలేదు. ఆడవాళ్లంతా గిన్నెలు పట్టుకుని, మూసి ఉన్న ఆ కళ్ల వైపే చూస్తున్నారు.